నిశ్శబ్దం తర్వాత బహీజా

ఫ్యాక్టరీ నుంచి మొదటి పెట్టె డిస్కులు తేవాలి. వాటిలో రెండు యజమాని హాజ్ చేతికివ్వాలి. అట్ట మీద గాయకుడి మొహానికి రంగు సరిగ్గా పడిందో లేదో చూడాలి. బహీజాకు ఆయాసం మందు కొనాలి. పొద్దు వాలేలోగా ఇంబాబా పేటకు వెళ్లి, ఆమె పాట ఆమెకు వినిపించాలి.

మిగతావి ఎలా పోయినా ఆ చివరి పని తప్పకూడదనుకుంటూ వస్ఫీ మినీబస్సు ఎక్కాడు. వంగిన వీపు, టేపులు కోసి అతికించి కాయలు కాచిన వేళ్లు, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు పక్కకు వాలిన తల. కైరోలో ఒక పాటల కంపెనీలో పాత రీళ్ల మీది పాటల్ని డిస్కుల్లోకి ఎక్కించడం అతని ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో అతనికి ఒక్కటే కడుపుమంట. హాజ్ ఇచ్చే పాటలతో డిస్కు సగం కూడా నిండదు. మిగిలిన సగంలో ఎన్ని పెట్టొచ్చు! రిహార్సళ్లు, వాయిద్యగాళ్ల కబుర్లు, బయటికి రాకుండా పోయిన గొంతులు. హాజ్ మాత్రం అట్ట మీద ‘అదనపు కానుక’ అని పెద్దక్షరాలు వేయించి, లోపల ఫోన్ రింగ్‌టోన్లు, గాయకుడి ఫోటోలు, కంపెనీ ప్రకటన కుక్కేవాడు. అప్పటికీ ఇంకా బోలెడు చోటు మిగిలేది.

బహీజా పెద్ద గాయకుల వెనక పాడిన మనిషి. గాయకుడు స్టూడియోకి వచ్చేలోగా, వాయిద్యగాళ్లకు పాట నడక తెలియడానికి మొదటి నుంచి చివరిదాకా ఆమె చేత పాడించేవాళ్లు. ఆయన రాగానే అదే టేపు మీద, ఆమె పాట చెరిగిపోయేలా ఆయన పాట ఎక్కించేవాళ్లు. ఎలా తప్పించుకుందోగాని, ఒక రీలు చివర ఆమె ఒంటరిగా పాడిన పాట ఒకటి మిగిలిపోయింది.

“కానుకంటే ఇదీ హాజ్! ఆమె మంచాన పడి ఉంది. ఒక్కసారి పేరు వేయించండి” అని బతిమాలాడు వస్ఫీ.

“ఆ ముసల్దాని కోసం డిస్కు కొనేదెవడయ్యా? ప్రకటనకి రీలు కావాలి, తుడిచెయ్.”

వస్ఫీ తుడిచాడు. కాని అంతకుముందే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా, ఒక దొంగపని చేశాడు. డిస్కులో చివరి పాట అయ్యాక చాలాసేపు ఖాళీ వదిలి, ఆ ఖాళీ వెనక బహీజాను దాచి, ఆ డిస్కునే నమూనాగా ఫ్యాక్టరీకి పంపాడు. పేరు వేయించలేకపోయినా గొంతైనా మిగులుతుంది. క్యాసెట్ల రోజుల్లో చివరి ఖాళీని ఎవరూ పట్టించుకునేవారు కాదు. హాజ్‌కు అంతదాకా వినే ఓపిక లేదు. దొంగతనం బయటపడుతుందన్న భయంతో కంప్యూటర్లోని నకలునూ చెరిపేశాడు. ఇంబాబా వెళ్లి ఆమెకు మాత్రం చెప్పాడు.

ఫ్యాక్టరీలో డిస్కులు అచ్చేసే జక్కీ ఎదురొచ్చాడు. “రావయ్యా ఉస్తాద్! ఇవాళ టీ నువ్వే పోయించాలి. నీ పరువు కాపాడాను.”

“ఏం చేశావేంటి?”

“చివరి పాటయ్యాక అంత ఖాళీ వదిలేశావేం? కునుకు పట్టిందా? కొన్నవాడు డిస్కు పాడైందని తెచ్చి నా మొహాన కొట్టడూ? అక్కడికి కోసేశా.”

వస్ఫీ అతని చెయ్యి పట్టుకున్నాడు. “తర్వాత ఏముందో విన్లేదా?”

“ఖాళీ తర్వాత ఏముంటుందయ్యా, ఇంకాస్త ఖాళీ!”

“నేను పంపిన డిస్కు ఇచ్చెయ్ జక్కీ. నీ కాళ్లు పట్టుకుంటా.”

“ఇంకెక్కడి డిస్కు? పని కాగానే విరగ్గొట్టేస్తాంగా. దొంగకాపీలు పుడతాయని మీ హాజ్ పెట్టిన రూలేగా!”

వస్ఫీ చెత్తడబ్బాలోకి రెండు చేతులూ దించాడు. వెండిరంగు డిస్కు పెంకులు గలగలమన్నాయి. ఏ పెంకు ఏ పాటదో ఎవరు చెప్పగలరు? అరచెయ్యి తెగి నెత్తురొచ్చేదాకా వెతికాడు. జక్కీ నవ్వడం మానేసి గుడ్డ తెచ్చి కట్టాడు.

ఇంబాబాలో తలుపు తీసింది బహీజా అక్క కూతురు నజ్లా. దిండ్లకు ఆనుకుని కూర్చున్న బహీజా పెదాలకు ఎర్రరంగు వేసుకుంది.

“రంగు లేకపోతే గొంతు పలకదురా నాకు” అంది రొప్పుతూ, ఒక గుక్క తాగిన మందారపూల టీ గ్లాసును కిటికీలో పెట్టి. “ఆ చేతికేమైంది?”

“ఏం లేదక్కా, గీరుకుంది.”

చెప్పేద్దామనే వచ్చాడు. ఆ పెదాలు చూశాక, చెప్పకుండానే డిస్కు పెట్టాడు. పాటలన్నీ అయ్యాయి. యంత్రం ఆగింది. దాని దీపం ఆరిపోవడం కనబడకుండా వస్ఫీ అడ్డంగా నిలబడ్డాడు.

“ఇదేనా నువ్వు చెప్పిన ఖాళీ?”

“ఇదేనక్కా. కొంచెం... పొడుగు.”

“ఉండనీ. మన గాయకుడుగారు ఏనాడు వేళకొచ్చాడు గనక! కాచుకోవడం నాకు అలవాటే.”

కళ్లు మూసుకుంది. దుప్పటి మీద వేలితో తాళం వేసింది. పాట ఎత్తుకునే చోటు వచ్చినట్టు పెదాలు విచ్చుకున్నాయి. వేలు ఒకసారి లేచి, దిగి, మరి లేవలేదు.

“పిన్నీ?” అంది నజ్లా.

వస్ఫీ యంత్రం ముందు నుంచి కదల్లేదు, ఆమె ఇంకా వింటున్నదేమోనన్నట్టు.

ఏ పాట వెనకైనా ఆడగొంతుల గుంపు వినిపిస్తే, అందులో ఒకామె పేరు బహీజా అని తలుచుకోండి. ఆ సాయంత్రం కిటికీలో చల్లారిపోయిన మందారపూల టీ గ్లాసునూ, దాని అంచున ఆరని ఆమె పెదాల ఎర్రరంగునూ గుర్తుంచుకోండి.