పోటు

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఏసురత్నం మాస్టారు ప్రూఫు కాగితాలు ముందేసుకున్నాడంటే, కింది వాటాలో శ్యామలమ్మ బియ్యం డబ్బాను బల్ల మీదికి ఎక్కించేది. రెజిమెంటల్ బజార్‌లోని ఆ పాత మేడలో అది మామూలే. సికింద్రాబాదులో స్థిరపడ్డ చినరేవు వాళ్లంతా కలిసి సముద్రం ఒడ్డునున్న తమ ఊరి చరిత్ర అచ్చు వేయిస్తున్నారు. రాసేవాళ్లు చాలామంది, దిద్దేవాడు మాస్టారొక్కడే. ఆయన పైకి చదువుతాడు. చదివినదాంట్లో తప్పుంటే సముద్రం వస్తుంది. గడప దాటి గదిలోకి వచ్చి పాదాలు తడుపుతుంది. తప్పు దిద్దగానే వచ్చిన దారినే పోతుంది.

లైట్‌హౌసు కట్టించిన దొర పేరు తప్పు పడినప్పుడు చీలమండల దాకా వచ్చింది. ఒకాయన తన తాతను ఊళ్లో మొదటి గ్రాడ్యుయేటుని చేసి రాసినప్పుడు ఇంకాస్త పైకొచ్చి, మంచం కింది చెప్పులు పట్టుకుపోయింది. ఆ తాతగారు స్కూలు ఫైనలు కూడా గట్టెక్కలేదని తరవాత తేలింది.

"సారూ, జెర సూస్కోని సదువుండ్రి. మా మిరపకాయలు మల్ల ఉప్పగైనయ్" అని శ్యామలమ్మ కిందనుంచి కేకేసేది. "రొయ్యలు గిట్ల వస్తే మాకు సుత పంపుండ్రి."

ఆ రోజు మాస్టారి మనసు చదువు మీద లేదు. కూతురు అక్సా డాక్టరు చదువు పూర్తిచేసి, పీజీకి మంచి ర్యాంకు తెచ్చుకుంది. సర్జరీ చేస్తానంటుంది. ఆప్షను పెట్టడానికి మర్నాడే ఆఖరు. ఆయన ససేమిరా ఒప్పుకోడు.

ఆ ఇంట్లో కత్తి లేదు. మాస్టారి నాన్న కాలం నుంచీ లేదు. బెండకాయలు చేత్తో తుంచుతారు, ఉల్లిపాయ రోట్లో దంచుతారు, క్రిస్మస్ కేకు విరుచుకుని తింటారు. చేపలు మోండా మార్కెట్లోనే ముక్కలై రావాలి. గుమ్మడికాయ తినాలనిపిస్తే శ్యామలమ్మ కాళ్లు పట్టుకోవాల్సిందే.

మాస్టారి తాత ఆశీర్వాదం చినరేవులో పడవ నడిపేవాడు. ప్రాణస్నేహితుడు మోషే పోయాక ఊరు వదిలేసి, తల్లిలేని పిల్లల్ని వెంటబెట్టుకుని సికింద్రాబాదు బోయిగూడ చేరాడు. "మోషే పోటుకు పోయాడురా. నా చేతిలో పోయాడు." చచ్చిపోయేదాకా ఆ రెండు ముక్కలే. ఇంకేం అడిగినా ఏడుపే. పసితనంలోనే సముద్రానికి దూరమైన పిల్లలు విన్నారు, అర్థం చేసుకున్నారు, ఇంట్లో ఉన్న కత్తి తీసి బయటపడేశారు.

"ప్రాణం తీసే కత్తి వేరు, సర్జన్ కత్తి వేరు నాన్నా" అంది అక్సా.

"ఆ మాత్రం నాకు తెలీదా తల్లీ? మన చేతులకు మాత్రం కత్తి వద్దు."

"సరే. రేపు పీడియాట్రిక్స్ పెట్టేస్తా. హ్యాపీయేనా?"

అని గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది. ఆ పిల్ల గొంతులో కోపమన్నా ఉంటే బాగుండేదనిపించింది మాస్టారికి.

కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. 'రేవులో పోయినవాళ్లు' అన్న అధ్యాయం. అందులో ఒక వాక్యం ఆయన సొంతం. అందరి తప్పులూ దిద్దేవాడు సొంత ఇంటిది దాచకూడదని తనే రాసి చేర్చాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"పడవ సరంగు మోషే, ఆశీర్వాదం చేతి కత్తిపోటుకు మరణించాడు."

సముద్రం ఒక్క ఊపున మోకాళ్లకెక్కింది.

సరంగు కొట్టేసి కళాసి అని రాశాడు. దిగలేదు. మరణించాడు తీసేసి హతుడయ్యాడు అన్నాడు. నడుముకొచ్చింది. కాగితాలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, గిదేం తప్పు? మా మంచం తేలుతున్నది!"

"తెలియడం లేదమ్మా!"

అక్సా వంటింటి గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుంది. "ఇదేంటి నాన్నా, కొత్తగా? ఎక్కుతోంది, లాగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఆటూపోటూ అన్నీ మనింట్లోనే!"

మాస్టారి పెన్ను ఆగిపోయింది. జీవితమంతా తెలుగు చెప్పాడు. ఆటుపోట్లు అన్న మాట బోర్డు మీద ఎన్నిసార్లు రాశాడో. రేవు మనిషికి పోటంటే పొంగే సముద్రం. బోయిగూడలో పెరిగిన పిల్లలకు పోటంటే కత్తిదే. మరి చేతిలో పోవడమంటే?

'కత్తి' కొట్టేశాడు. "మోషే పోటుకు పోయాడు" అని చదివాడు. నీళ్లు మోకాళ్లకు దిగి ఆగాయి. ఇంకో రెండు ముక్కలు రాశాడు.

"ఆశీర్వాదం అతని చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి జారిపోయింది."

సముద్రం గడప దాటి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మాస్టారు తడి నేల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "కాపాడబోయిన మనిషిని హంతకుణ్ణి చేశాం గదమ్మా. తన ఇంట్లోనే, తన పిల్లలమే." అక్సా పక్కన కూర్చుని ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది.

వంటింట్లో ఏదో టపటపా కొట్టుకుంది. చూస్తే, గట్టు కింద మూరెడు పండుగప్ప చేప.

మాస్టారు కళ్లు తుడుచుకుని మెట్ల దగ్గరికి నడిచాడు. "శ్యామలమ్మగారూ, మీ కత్తి ఒకసారి ఇస్తారా?"

ఆవిడ ఆయాసపడుతూ పైకొచ్చి కత్తి ఇచ్చింది. మాస్టారు దాన్ని తిప్పి, పిడి వైపు కూతురికి అందించాడు. అక్సా ఆయన మొహంలోకి చూసింది.

"గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాడు. "చెయ్యి జారనివ్వకు."