నీళ్లలో గొర్రె తేలిక

ఆదినారాయణ రెండు చేతుల మీదా గొర్రెను ఎత్తుకుని, నీళ్లలోంచి గట్టు వైపు వస్తున్నాడు.

గట్టంచు నుంచి ఆయన భార్య మాలకొండమ్మ చూసింది. మూడు వారాల కిందట సరిగ్గా ఇలాగే జరిగింది.

ఆయనది ఏళ్లనాటి నడుంనొప్పి. ఆత్మకూరులో ఫిజియోథెరపీ చేసే దివ్యశ్రీ రోజూ అరగంట ఛాతీలోతు నీళ్లలో ముందుకీ వెనక్కీ నడవమంది. బరువు మాత్రం ఎత్తొద్దంది. ఉదయగిరి దగ్గర స్విమ్మింగ్ పూల్ ఎక్కడుంది? ఊళ్లో సురేంద్రబాబు నిమ్మతోటలోని కుంటే దిక్కయింది.

గొర్రెల కాపరి నీళ్లలో దిగి చేతులు కట్టుకుని ఉంటాడా? బొచ్చు కత్తిరించే రోజులని గొర్రెల్నీ కడిగాడు. నీళ్లలో గొర్రె దూదిలా తేలింది. నొప్పి పోయిందనుకుని దాన్ని ఎత్తుకునే గట్టెక్కాడు. గట్టు మీద అది నలభై కిలోలు. పది రోజులు మంచం దిగలేదు.

"ఇంకొక్కసారి గొర్రెనెత్తినావంటే మొత్తం మంద అమ్మేస్తా," అని మంచం పక్కనే తేల్చి చెప్పింది మాలకొండమ్మ. వచ్చి మందను చూసుకోమని కలిగిరి బేరగాడు పెంచలప్రసాద్‌కి ఫోనూ చేసింది. మంద లేకుంటే ఆయన బతకలేడని తెలిసీ చేసింది.

అందుకే ఇవాళ లోతులో ఆయన నడక, గట్టంచున ఆమె కడుగుడు. కానీ ఒక గొర్రె ఆమె చేతిలోంచి జారి లోతులోకి పోయింది.

"దించయ్యా దాన్ని!"

"మునిగిపోతాదిమే!"

"ముందు నువ్వు మునుగుతావు!"

నీళ్లు ఛాతీ నుంచి పొట్టకు దిగాయి. పొట్ట నుంచి నడుముకు. అడుగడుగుకీ గొర్రె బరువెక్కుతోంది. ఇంకో రెండడుగులు వేస్తే గట్టే.

ఆదినారాయణ ఆగిపోయాడు.

"మే, ఇట్రా. నా వల్ల కాదు."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నడుమున దోపుకున్న ఫోను గట్టున పడేసి, చీరతోనే నీళ్లలోకి దూకింది. ఇద్దరూ కలిసి గొర్రెను తోశారు. కాళ్లకు నేల తగలగానే అది తనంతట తనే గట్టెక్కి ఒళ్లు దులుపుకుంది.

"నడుము?"

"బాగుండాది."

"అబద్ధమైతే చంపుతా."

"మా అమ్మ తోడుమే."

ఆమె గట్టు మీది ఫోను వైపు చెయ్యి చాచింది. "సరే, ఆ పెంచలప్రసాద్‌ని రావద్దంటాలే."

"తర్వాత చెబుదువు. నాకింకా పది నిమిషాలుండాయి. నువ్వూ నడువు."

"నాకెందుకంట? నా నడుముకేమైంది?"

"రేపట్నించి గొర్రెల్నెత్తేది నువ్వే గదా!"

మాలకొండమ్మ దోసెడు నీళ్లు ఆయన మొహాన కొట్టింది. ఆ తర్వాత, వెనక్కి ఎలా నడవాలో చూపించమంది.