ల్యాప్‌టాప్‌కి మూడు పూటల పరీక్ష

మావయ్యగారిని వెంటబెట్టుకుని ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లకూడదని మాధవీలతకు బందరు బస్సెక్కక ముందే తెలుసు. కానీ చల్లపల్లి చుట్టుపక్కల బంగార్రాజుగారు చూడకుండా ఎవరూ గేదెను కొనరు. అంతటి మనిషి ఇంట్లో ఉండగా కోడలు ఒంటరిగా బేరానికి వెళ్తే ఆయన పరువేం కాను? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆయనే ముందు బస్సెక్కి కిటికీ పక్క సీటు ఆపారు.

నాగాయలంకలో రొయ్యల చెరువులున్న యలమందగారికి లెక్కలు చూసే మనిషి కావాలి. అంతకు ముందు పెట్టుకున్నతను కరెంటు పోయినప్పుడల్లా ల్యాప్‌టాప్ మూసేసి మేత బస్తాల మీద కునుకు తీసేవాడట. అందుకే ఆయన మాధవీలతతో, "సోమవారం గట్టు మీదికొచ్చి నా ముందు ఒక్క చెరువు లెక్క తేల్చండి. తేలితే అన్ని చెరువులూ మీవే," అన్నారు. తేలితే చల్లపల్లిలో సొంత ఆఫీసు. తేలకపోతే మళ్లీ రోజూ విజయవాడ బస్సు, ఆడిటరుగారి చీవాట్లు. ఆ బస్సును తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

కోనేరు సెంటర్లో షాపు యజమాని యుగంధర్ ఓ నల్ల ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాధవీలత తన పెన్‌డ్రైవ్ గుచ్చి బరువైన ఫైళ్లన్నీ ఒక్కసారే తెరిచింది. అది ఎక్కడా నసగలేదు.

"బ్యాటరీ పన్నెండు గంటలొస్తుందండి," అన్నాడు యుగంధర్.

"గేదెనమ్మేవాడెవడూ పాలు తక్కువిస్తుందని చెప్పగా నేను వినలేదు బాబూ," అన్నారు బంగార్రాజుగారు. "జబ్బు చేస్తేనో?"

"మూడేళ్ల వారంటీ అండి. ఇంజనీరు ఇంటికే వస్తాడు."

"ఏ ఊళ్లో ఇంటికండీ?" అంది మాధవీలత. "మాది చల్లపల్లి, పని నాగాయలంకలో. వస్తారో రారో ఇప్పుడే ఫోన్ చేసి అడుగుదాం."

చల్లపల్లికి మర్నాడే వస్తామని, నాగాయలంకకి ఇంకో రోజు పడుతుందని ఫోనెత్తిన అమ్మాయి చెప్పింది. బంగార్రాజుగారు ఫోన్ మీదికి వంగి, "వచ్చే డాక్టరు మందులు తెచ్చుకుంటాడా, రాసిచ్చి పోతాడా?" అనడిగారు. విడిభాగాలు వెంటే తెస్తారని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. మాధవీలత ఫ్యాను రెక్కల వైపు చూస్తూ ఉండిపోయింది.

డబ్బు కట్టాక, "గేదెనైనా దీన్నైనా మూడు పూటలు చూస్తాం. తేడా వస్తే తోలుకొచ్చేస్తాం," అని చెప్పి మరీ ఆయన షాపు మెట్లు దిగారు.

ఆదివారం మాధవీలత తన పరీక్ష తాను చేసుకుంది. చార్జరు తీసేసి, రోజూ చేసే పనే పొద్దుటి నుంచీ చేసింది. పన్నెండు గంటలన్నది షాపు మాట గానీ, తొమ్మిది గంటలు మాత్రం నికరంగా వచ్చింది. రాత్రి చార్జింగ్ పెట్టి నిశ్చింతగా పడుకుంది.

సోమవారం ఆమె స్నానం చేసి వచ్చేసరికి ల్యాప్‌టాప్ సంచీలో సర్ది ఉంది. మావయ్యగారికి ఎంత శ్రద్ధో అనుకుంది. రెండో పూట చూడాలంటూ ఆయనా వెంట బయల్దేరారు.

నాగాయలంకలో గట్టు మీది షెడ్డులోకి వాళ్లు అడుగుపెట్టేసరికే కరెంటు లేదు. యలమందగారు ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నారు. మాధవీలత ల్యాప్‌టాప్ తెరిచింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది.

"మావయ్యగారూ, ఏం చేశారు?" అని పక్కకు వంగి గుసగుసగా అడిగింది.

"అమ్మేవాళ్లు ముందు పూట పితక్కుండా దాచి, పొదుగు నిండుగా చూపిస్తారమ్మా. అందుకని ముందు మొత్తం పిండేసి, ఆ తర్వాతి పూట నుంచి లెక్కెయ్యాలి. కోడి కూసినప్పట్నుంచీ కొట్టంలో పెట్టి పాటలూ వీడియోలూ అన్నీ కలిపి ఆడించాను," అన్నారాయన అంతే మెల్లగా.

"మళ్లీ చార్జింగ్ పెట్టారా?"

ఆ ముక్క బంగార్రాజుగారికి తట్టనే లేదు. గేదె అయితే ఈపాటికి గడ్డి మేసి మళ్లీ పొదుగు నింపుకొనేది.

మాధవీలతకు ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి బ్యాటరీ సరిపోదని ఊరుకుంది. తెర వెలుతురు తగ్గించి, వైఫై ఆపేసి, ఒక్క ఫైలు మాత్రం ఉంచుకుంది. మేత, మందులు, డీజిలు, కూలీలు. యలమందగారు చెబుతున్నారు, ఆమె వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. బంగార్రాజుగారు ఆ ఎర్ర గుర్తు కేసి చూస్తూ ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు. నాలుగో నంబరు చెరువు ఆ పంటలో నష్టపోయిందని, మేత ఎక్కువ పడిందని లెక్క తేలింది. ఆ మాట ఆమె చదివి వినిపించాక తెర నల్లబడింది.

"కొత్తదన్నారు, అప్పుడే చచ్చిందే?" అన్నారు యలమందగారు.

"తప్పు నాదండి. తెల్లారగట్లే మొత్తం పితికేశాను," అన్నారు బంగార్రాజుగారు, తల వంచుకుని.

ఇంట్లో రెండు గేదెలున్న యలమందగారికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. "పితికేసిన గొడ్డు చేత ఇంత పని చేయించారు, ఇంకేం చూడాలండీ? రేపు కడుపు నిండా మేపి తీసుకురండి. మిగతా చెరువులు చూద్దురుగాని."

చల్లపల్లిలో బస్సు దిగేసరికి ఎదురుగా విజయవాడ బస్సు ఆగి ఉంది. ఇన్నేళ్లూ రోజూ చూసిన కండక్టరు, "రండమ్మా, సీటుంది," అని పిలిచాడు.

"ఇంక నేను రానండి," అంది మాధవీలత. నవ్వుతూ అతనికి చెయ్యూపింది.

బంగార్రాజుగారు సంచీ భుజానికెత్తుకున్నారు. "ఇంకా మూడో పూట మిగిలే ఉందమ్మాయ్," అన్నారు.

ఆమె ఆయన భుజం మీది సంచీ తీసి తన భుజానికి తగిలించుకుంది.