కొక్కెం ఉన్న వైపు

రాయదుర్గం మెట్రో పక్కనున్న అద్దాల టవర్లో, రెండో అంతస్తులో, ఒక మ్యూజియం ఉందంటే ఆ టవర్లో పనిచేసేవాళ్లే నమ్మరు. నమ్మినవాళ్లయినా ఏసీ చల్లగా ఉంటుందని ఫోన్లు మాట్లాడుకోవడానికి వస్తారు. టవర్ యజమాని శివశంకర్ కుర్రతనంలో మాస్కోలో ఇంజనీరింగ్ చదివాడు. అక్కడి సర్కారు వద్దన్న బొమ్మలు వేసే చిత్రకారులతో స్నేహం చేసి, వాళ్ల బొమ్మలు కొన్ని కూడబెట్టుకొచ్చాడు. వాటి ఆలనాపాలనా చూసే క్యూరేటర్ కృష్ణప్రియ.

అయితే అక్కడున్న వాటిలో అన్నిటికన్నా మంచి బొమ్మ శివశంకర్‌ది కాదు. కొరాబ్లిన్ అనే చిత్రకారుడు పోయాక, ఆయన కూతురు వేరా దాన్ని కొన్నేళ్లు చూపించుకోమని ఇచ్చింది. గడువు తీరింది. ఉంచాలో, తీసుకుపోవాలో కళ్లారా చూసి చెబుతానని ఇప్పుడు స్వయంగా వస్తోంది. అది పోతే గది మిగులుతుంది గాని గదికి ప్రాణం మిగలదని కృష్ణప్రియ బెంగపెట్టుకుంది.

ఆ బొమ్మ వేసింది చెక్క పలక మీద. ఒకవైపు సర్కారు వేయమంటే వేసిన ట్రాక్టరు, దాని మీద పళ్లన్నీ బయటపెట్టి నవ్వే రైతు. రెండోవైపు తన కోసం వేసుకున్న వంటింటి కిటికీ: బయట మంచు, లోపల చల్లారిన టీ గ్లాసు, ఎవరూ కూర్చోని కుర్చీ. అంత దిగులు వేసినట్టు తెలిస్తే ఆ రోజుల్లో ఉద్యోగం ఊడేది. కృష్ణప్రియ ఆ పలకను బల్ల మీద ఆనించి, ఇన్నాళ్లూ కిటికీనే చూపించింది. ట్రాక్టరును గోడకేసి దాచింది.

వేరా వస్తోందని గోడలకు కొత్త రంగు వేయించి, ఈసారి బొమ్మలన్నీ గోడకే తగిలించమని చెప్పింది. ఆ పొద్దున తెల్లాపూర్ నుంచి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, టవర్లో వడ్రంగి పని చేసే ఎల్లయ్యకు ఫోన్లోనే పని అప్పజెప్పింది. కొక్కెం ఉన్న వైపు గోడకు రావాలి అన్నది ఆమె ఎప్పుడూ చెప్పే మాటే.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందట. ఆమె పరుగున వచ్చేసరికి వేరా అప్పటికే అక్కడుంది. నెరిసిన జుట్టు, చేతిలో టోపీ. ఆమె ఎదుట గోడ మీద ట్రాక్టరు, పళ్లికిలించే రైతు. కృష్ణప్రియ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కొక్కెం గోడకే పెట్టిన మేడమ్. మీరు గట్లనే చెప్తిరి గదా" అన్నాడు ఎల్లయ్య, ఆమె ముఖం చూసి.

నిజమే, అలాగే చెప్పింది; ఈ పలకకు కొక్కెం కిటికీ వైపే ఉందన్న సంగతి మరిచిపోయింది. ఇక ఎవరిని తిట్టాలి? ఆమె వేరాకు క్షమాపణ చెప్పుకోబోయింది. వేరా వినిపించుకోలేదు. పలక వెనక్కి చెయ్యి పోనిచ్చి, కొక్కేనికి కట్టిన తీగను తడుముతోంది.

"ఇది మా నాన్న కట్టిన తీగ. మా ఇంట్లో ఇది ఇలాగే ఉండేది" అంది ఇంగ్లీషులో.

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. స్నేహితులు వస్తే తండ్రి పలకను దించి, తిప్పి, కుర్చీ మీద ఆనించేవాడట. అందరికీ టీ పోసేవారట. వాళ్ల వంటిల్లే ఆ పూటకు మ్యూజియం. తలుపు గంట మోగితే మళ్లీ ట్రాక్టరు. ఆయన పోయాక ఏ దేశంలో చూపించినా కిటికీనే చూపించారు, ఆయన భయాన్ని ఎవరూ చూపించలేదని వేరా కళ్లు తుడుచుకుంది.

ఎల్లయ్య ఒక పక్క, వేరా ఒక పక్క పట్టుకుని పలకను దించి, తిప్పి, కుర్చీ మీద ఆనించారు. బొమ్మల దగ్గరికి నీళ్లు కూడా రానివ్వని కృష్ణప్రియే కిందికి ఫోన్ చేసి మూడు చాయ్‌లు తెప్పించింది.

చాయ్ సగమయ్యేసరికి లిఫ్టు గంట మోగింది. వేరా గ్లాసు కింద పెట్టి, చటుక్కున లేచి పలకను రెండు చేతులా పట్టుకుంది. తిప్పబోయి ఆగింది.

"ఇక్కడ తిప్పక్కర్లేదు కదా?"

"అక్కర్లేదండీ" అంది కృష్ణప్రియ.

లిఫ్టులోంచి ఒక కుర్రాడు ఫోన్ మాట్లాడుతూ వచ్చాడు. కిటికీ బొమ్మ ముందు ఆగి, తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాడు. వేరా అతన్ని కాసేపు చూసి, పలక మీది చేతులు తీసేసింది.

"అయితే ఇక్కడే ఉండనీ" అంది.

కృష్ణప్రియ ఎల్లయ్యకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

"గిదేంది మేడమ్, నేను ఉల్టా పెడితి గదా?"

"అందుకేనన్నా" అంది కృష్ణప్రియ.