వెర్నా పెట్టిన సంతకం

అమెరికాలో, గ్రాండ్ రాపిడ్స్‌లో మా కంపెనీ ఆన్‌లైన్ కేసినోలకు చక్రం తిప్పే ఆటలు తయారుచేసి అమ్మేది. ఆ ఆటల వెనక లెక్కలన్నీ వెర్నావే. పంతొమ్మిదేళ్ల సర్వీసు. యజమాని కర్ట్‌కి పని నేర్పింది కూడా ఆవిడే. నేను లైసెన్సు కాగితాలు చూసేదాన్ని.

లైసెన్సు లేని సైట్లకు ఆటలిస్తే మా లైసెన్సు పోతుంది. ఆ వసంతంలో మా ఆట ఒకటి ఏదో దీవి నుంచి నడిచే దొంగ సైట్లో, లైసెన్సులిచ్చే గేమింగ్ బోర్డువాళ్ల కంటపడింది. అమ్మింది కర్టే. ఆ బేరం మెయిళ్లు నేను చూశాను.

కర్ట్ వెర్నానీ నన్నూ తన గదిలోకి పిలిచాడు. నేను టైపు చేసిన కాగితం ఆవిడ ముందుపెట్టాడు.

"నీకు తెలియకుండా నేనమ్మానని ఒప్పుకోవాలా?" అంది వెర్నా.

"ఊరికే కాగితం మీద. గొడవ సద్దుమణిగాక నిన్ను మళ్లీ తీసుకుంటాను. లేకపోతే అందరం రోడ్డున పడతాం. ఆల్విన్ గురించి ఆలోచించు."

ఆల్విన్ ఆవిడ భర్త. అతని కేన్సర్ మందులు కంపెనీ ఇన్సూరెన్సు మీదే వస్తున్నాయి.

వెర్నా నా వైపు తిరిగింది. "నువ్వేమంటావు లొరెట్టా?"

ఆ సంతకంతో ఏం జరుగుతుందో నాకు తెలుసు. "ఏం కాదు, పెట్టెయ్" అన్నాను.

విచారణలో వెర్నా చేత ప్రమాణం చేయించి బోర్డు సభ్యుడు అడిగాడు: "ఎందుకు చేశారమ్మా?"

ఆ ప్రశ్నకి మేమావిడకి జవాబు నేర్పలేదు. "డబ్బుకి" అంది తల దించుకుని.

"మా అమ్మలాంటి మనిషి సార్" అంటూ కర్ట్ కళ్లు తుడుచుకున్నాడు. లైసెన్సు నిలిచింది. లైసెన్సున్న ఏ గేమింగ్ కంపెనీలోనూ వెర్నా ఇక జన్మలో పనిచెయ్యకూడదన్నారు.

బయట కార్ల దగ్గర ఆవిడ కర్ట్‌ని అడిగింది. "నన్నెప్పుడు రమ్మంటావు?"

"నిన్ను గుమ్మం ఎక్కనిచ్చినా నా లైసెన్సు ఊడుతుంది వెర్నా. విన్నావుగా."

"మరి ఆల్విన్ మందులు?"

"ఇన్సూరెన్సు సొంతంగా కట్టుకో. లొరెట్టా ఫారాలు పంపుతుంది."

పంపాను. ఆవిడ రెండు నెలలు కట్టగలిగింది. నవంబరులో ఆల్విన్ పోయాడు.

అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో వెర్నా అందరికీ పందిమాంసం పెట్టిన బన్నులు వడ్డిస్తోంది. నేను ఆవిడ పక్కకి వెళ్లి చెప్పాను. "కర్ట్ మెయిళ్లు నా దగ్గరున్నాయి. రేపే బోర్డుకిచ్చేస్తాను."

"ఇస్తే? ప్రమాణం చేసి అబద్ధమాడావని ముందు నన్నే పట్టుకుంటారు." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "ఆయన బతికున్నప్పుడు ఇవ్వాల్సింది."

నా ప్లేట్లో బన్ను పెట్టి, వెనకున్న ముసలాయన వైపు చెయ్యి చాచింది. "జరుగు లొరెట్టా, జనం ఆగున్నారు."