దండెం తాగిన నీళ్ళు

మనసులో నేను పెద్ద వాగుడుకాయని. లోపల నా మాటలకి అడ్డూ అదుపూ ఉండవు. జోకులేస్తాను, వాదిస్తాను, ఎంతటివాడి నోరైనా మూయిస్తాను. ఆ మాట గొంతు దాటి బయటికి రావాలి చూడండీ, అక్కడుంది అసలు తంటా. నాకు నత్తి. 'ప' దగ్గర, 'ద' దగ్గర, 'శ' దగ్గర మాట మొరాయిస్తుంది. పాత స్కూటర్‌లా ఎన్ని కిక్కులు కొట్టినా అక్కడే గుర్రుగుర్రుమంటుంది.

ఈలోపు ఎదుటివాళ్ళు ఊరుకుంటారా? నా మాట వాళ్ళే పూర్తి చేసేస్తారు. బస్సులో కండక్టరు నేను దిగాల్సిన చోటు తనే తేల్చేసి టికెట్టు చింపుతాడు. మందుల షాపతను నాకు లేని జబ్బుకి మాత్రలు చేతిలో పెడతాడు. ఇక మా అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. నేను నోరు తెరిస్తే చాలు, వాక్యం ఆవిడే ముగించి, దానికి జవాబు కూడా ఆవిడే చెప్పి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ప్రేమే, కాదనను. కానీ ఒక్కోసారి ఒళ్ళు మండిపోతుంది.

అలాంటివాణ్ణి పోయి పోయి టీచర్ ట్రైనింగ్‌లో చేరాను. అదీ చిన్నపిల్లల బడికి. "మాటే రానివాడికి మాటల ఉద్యోగమేంట్రా!" అని మా మావయ్య నలుగురిలో నవ్వాడు. ఏం చెయ్యను, నాకు పిల్లలంటే ప్రాణం. వాళ్ళ మధ్య కూర్చుంటే ఇంకెక్కడికీ వెళ్ళాలనిపించదు.

మొదటిసారి పరీక్ష పాఠం చెప్పినప్పుడు ఏమైందంటే, ఏమీ కాలేదు. "పిల్లలూ" అనబోయి 'పి' దగ్గరే ఆగిపోయాను. వెనక బెంచీలో కూర్చున్న మా ట్రైనింగ్ కాలేజీ లెక్చరరమ్మ చాలాసేపు చూసి, పెన్నుకి మూత పెట్టేసింది. "ఇంకొక్క అవకాశం ఇస్తాను బాబూ. అదీ పోతే ఈ పని నీకు కాదనుకో" అంది. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అంది.

ఆ తర్వాతే మాకు డిజిటల్ క్లాసులు మొదలయ్యాయి. టచ్ బోర్డు మీద బొమ్మలు కదిలించడం, ట్యాబ్‌లో క్విజ్ తయారుచెయ్యడం, స్లైడుకి గొంతు జోడించడం, ఇలాంటివన్నీ ఆవిడే నేర్పింది. మొదట్లో నాదీ తెల్లమొహమే. నల్లబల్ల అలవాటు కొద్దీ టచ్ బోర్డు మీద అరచెయ్యి ఆనించి రాశాను. ఆ బోర్డుకి అరచెయ్యి తగిలితే చెరిపెయ్యమని అర్థమట. నేను రాస్తూ పోతున్నాను, వెనకాలే నా చెయ్యి చెరుపుతూ వస్తోంది. తోటివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

గొంతు జోడించడం నేర్పిన రోజు మాత్రం నాకు లాటరీ తగిలినట్టయింది. ఎన్నిసార్లు తడబడినా పర్లేదు, ఆ ముక్క కత్తిరించి పారెయ్యొచ్చు! మిగిలింది విన్నాను. అందులో ఉన్నది నేనే, నత్తి లేని నేను. పుట్టి బుద్ధెరిగాక నా వాక్యం నేనే పూర్తిచేసుకోవడం అదే మొదలు. హెడ్‌ఫోన్లు తియ్యకుండా అలాగే కూర్చుని ఏడ్చాను. జలుబనుకున్నారు అందరూ.

ఇంకేముంది, దారి దొరికిందనుకున్నాను. రెండో అవకాశానికి నాకిచ్చిన పాఠం తడిబట్టలు ఎలా ఆరతాయన్నది. తరగతి రెండు. పాఠం మొత్తం రికార్డు చేసి, స్లైడ్ల మీద వినిపించి, నేను పక్కన నిలబడి బొమ్మలు జరిపితే సరి. గొంతు గదిలో మోగకుండా ఉండాలంటే బట్టల మధ్య తలపెట్టి మాట్లాడమని ఎవరో చెప్తే, మా బట్టల బీరువాలో దూరాను. అమ్మ అటుగా వచ్చి చూసింది.

"ఏరా, చొక్కాలకి పాఠం చెప్తున్నావా? బుద్ధిగా వింటున్నాయా?"

"ప-పోమ్మా" అన్నాను చొక్కాల్లోంచి.

నవ్వితే నవ్వింది గానీ, ఆ రోజంతా కుక్కర్ కూడా పెట్టలేదు పాపం, విజిల్ రికార్డులో పడుతుందని.

పాఠంలో ప్రశ్నలుండాలి కదా. "ఆరేసిన చొక్కాలో నీళ్ళు ఎక్కడికి పోయాయి?" అని అడిగి, జవాబు చెప్పడానికి కాస్త ఖాళీ వదిలాను. ఆ వెంటనే, "శభాష్! సరిగ్గా చెప్పావు. గాలిలోకి పోయాయి. అందరూ చప్పట్లు కొట్టండి!" అని పెట్టాను. ఎంత ఖాళీ వదలాలో చూసుకోవడానికి అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి వినిపించాను. ఆవిడ ప్రశ్న అవకుండానే "గాలిలోకి!" అనేసింది. ఎన్నిసార్లు వినిపించినా అదే జవాబు, అంతే చురుకు. భేష్, బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నాను. రెండో తరగతి పిల్లల పాఠాన్ని మా అమ్మ మీద కొలిచానన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

నేను పాఠం చెప్పాల్సిన తరగతికి ఒక టీచరమ్మ ఉంది. నోరు గయ్యాళి, మనసు వెన్న. పరీక్షకి ముందు కొన్నాళ్ళు ఆవిడ క్లాసులో వెనక కూర్చుని చూడాలి మేము. ఆవిడ మాటలు సగం చెప్పి వదిలేస్తుంది, పిల్లలు మిగతా సగం అరుస్తారు. "ఆవు మనకి ఇచ్చేది పా..." అంటే "లు!" "సూర్యుడు పొడిచే దిక్కు తూ..." అంటే "ర్పు!" పైకప్పు ఎగిరిపోతుందనుకోండి. అన్ని చిన్నపిల్లల బళ్ళలోనూ ఉన్నదే. కానీ నాకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది. ఎదుటివాళ్ళ మాట లాక్కోవడం ఇక్కడ నేర్పుతున్నారా, ఇక్కడి నుంచే తయారవుతున్నారా నా బస్సు కండక్టర్లు, అనుకునేవాణ్ణి.

ఆవిడకి నా రికార్డు వినిపించాను. చివరిదాకా విని, "గొంతు భలే ఉందబ్బాయ్, వార్తలు చదివేవాడిలా" అంది. నేను పొంగిపోయేలోపే, "మరి దీనికి చెవులేవీ?" అంది.

పాతకాలం మనిషి, సుద్దముక్క పట్టిన చెయ్యి, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకుని ఊరుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. లెక్చరరమ్మ వెనక బెంచీలో, పక్కనే టీచరమ్మ. నేను పిల్లలకి దణ్ణం పెట్టి, వేలితో బోర్డు తాకాను. నా గొంతు గదంతా నిండింది. "పిల్లలూ! అందరూ బాగున్నారా?" 'పి' ఎంత నున్నగా జారిందో! పిల్లలు "బాగున్నాం సార్" అన్నారు. ఒకడు మాత్రం నా మూసిన నోటి వంకా, బోర్డు వంకా మార్చి మార్చి చూశాడు. చూస్తే చూశాడు వెధవ. లెక్చరరమ్మ ఏదో రాసుకుంటోంది. గండం గట్టెక్కినట్టే అనుకున్నాను.

అప్పుడొచ్చింది ప్రశ్న. "ఆరేసిన చొక్కాలో నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. ఆ పిల్లని క్లాసులో గుసగుస అంటారు. ఏం చెప్పాలన్నా పక్కపిల్ల చెవిలో చెప్తుంది తప్ప పైకి చెప్పదు. నేను వెనక కూర్చున్నన్ని రోజుల్లో ఆ పిల్ల చెయ్యెత్తడం చూడలేదు. అలాంటిది లేచి నిలబడి, గౌను అంచు నలుపుతూ, గట్టిగా చెప్పింది.

"దండెం తాగేసింది సార్."

"శభాష్!" అంది నా గొంతు. "సరిగ్గా చెప్పావు. గాలిలోకి పోయాయి. అందరూ చప్పట్లు కొట్టండి!"

ఆ పిల్ల మొహం ఒక్కసారి వెలిగింది. అంతలోనే క్లాసంతా గొల్లుమంది. "దండెం అంటే గాలంట! దండెం అంటే గాలంట!" నవ్వుతూనే, సార్ కొట్టమన్నారు కాబట్టి, చప్పట్లూ కొట్టారు. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఆ పిల్లకి ఏం అర్థం కాలేదు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియక, కళ్ళనిండా నీళ్ళతో బోర్డు వంక కాదు, నా వంక చూసింది.

"సార్, నేను చెప్పింది రైటా, తప్పా?"

నా రికార్డులో దీనికి జవాబు లేదు. అది హాయిగా తర్వాతి స్లైడులోకి పోయి ఎండ గురించి చెప్పుకుపోతోంది. ఆ గొంతంటే నాకు అసహ్యమేసింది. ఎంత నున్నటి గొంతయితే ఏం, పసిపిల్లని నిలబెట్టి ఏడిపించింది. బోర్డు ఆపేశాను. ఆపాక గాని తెలియలేదు, ఇప్పుడిక మాట్లాడాల్సింది నేనేనని. వెనక లెక్చరరమ్మ పెన్ను ఆగింది. ట్రైనింగ్ పోతుంది, పోనీ. ఈ పిల్లకి జవాబు చెప్పకుండా మాత్రం ఈ గదిలోంచి కదలకూడదు.

దండెం తడిగా ఉంటుందా అని అడగాలి. "ద" అన్నాను. "ద... ద... ద..."

"దండెం!" అని అరిచింది క్లాసు.

పాత ముల్లే, పాత చోటే గుచ్చుకుంది. తలెత్తి చూశాను. పిల్లలు జాలిపడటం లేదు. తొందరపడటమూ లేదు. బెంచీ అంచుమీదికి జరిగి, నోళ్ళు తెరుచుకుని, తర్వాతి మాట ఎప్పుడు వదులుతానా అని చూస్తున్నారు. వాళ్ళ లెక్కలో సార్ అంటే సగం మాట చెప్పేవాడే. ఇన్నాళ్ళకి సరైన సార్ దొరికాడన్నట్టున్నారు.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను.

"దండెం ముట్టుకుంటే తడిగా ఉంటుందా, ప... ప..."

"పొడిగా!"

బల్ల తుడిచే గుడ్డ నీళ్ళలో ముంచి, పక్కనున్న పాత నల్లబల్ల మీద అడ్డంగా ఒక్క గీత గీశాను. నల్లగా తడి మెరిసింది. గుసగుసని రమ్మని చేత్తో పిలిచాను. ఫ్యాను పెంచమని ఒకణ్ణి పంపాను. "చూస్తూ ఉండండి. ఇక్కడ ద... ద..." "దండెం!" "ఉందా?" "లేదు!" కొన్ని మాటల్ని నత్తి ఆపింది, కొన్నిటిని నేనే కావాలని ఆపాను. ఏది ఏదో వెనకున్న పెద్దవాళ్ళకి కూడా తెలియలేదు. కాసేపటికి నాకే తెలియలేదు.

తడిగీత అంచులనుంచి తగ్గుతూ వచ్చింది. గుసగుస ముక్కు బల్లకి ఆనేంత దగ్గరగా నిలబడి చూస్తోంది. గీత పోయింది. ఆ పిల్ల బల్ల తడిమింది, కింద నేల చూసింది, తన వేళ్ళు చూసుకుంది. తర్వాత తల పైకెత్తి ఫ్యాను వంక చూసింది.

"సార్... అయితే దండెం కాదు. గాలి తాగేసింది."

 ఆ పిల్లని మెచ్చుకోవాలి. "శ" అన్నాను. "శ... శ..."

క్లాసంతా ఊపిరి పీల్చుకుంది అరవడానికి. గుసగుస గిర్రున వెనక్కి తిరిగి, ఎప్పుడూ పక్కపిల్లకి తప్ప వినపడని ఆ గొంతుతో కసిరింది.

"ఉండండ్రా! ఇందాక మిషను చెప్పింది. ఇప్పుడు సారే చెప్పాలి."

అందరూ టక్కున నోళ్ళు మూసుకున్నారు. ఒకడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నా జీవితంలో నా మాట కోసం ఎవరూ అలా ఆగలేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎంతసేపైనా నిలబడేలా ఉంది. సిగ్గేసింది, చెమట పట్టింది, దవడ బిగుసుకుంది. అయినా రావాల్సిన మాట వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

"శ... శభా... ష్. సరిగ్గా చెప్పావు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల అడగలేదు కూడా. తనకి రావాల్సింది వచ్చిందన్నట్టు తలూపి, వెళ్ళి తన చోట కూర్చుంది.

గంట కొట్టాక లెక్చరరమ్మ నా దగ్గరికొచ్చింది. టీచరమ్మ వెనకాలే నిలబడి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, పైకి మాత్రం "ఈ ఫ్యాను దుమ్మొకటి" అంటోంది.

"రికార్డింగ్ బాగా చేశావయ్యా" అంది లెక్చరరమ్మ. "దాచుకో. జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజు పనికొస్తుంది. మిగతా రోజులు నువ్వే చెప్పు. ఆ, రేపు ట్యాబ్ పట్టుకెళ్ళి ఆ పిల్ల చెప్పింది రికార్డు చెయ్యి. ఆ పాఠానికి కావాల్సిన గొంతు అది." ఆ తర్వాత నేను ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట చెప్పింది. ఈసారి జాలి లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందేమో అనిపించింది.

"అమ్మా, ప... పా... పా..."

"పాడైపోయిందా నాన్నా? పోనీలే. వెధవ ఉద్యోగం, అదొక్కటేనా లోకంలో? మీ మావయ్యతో చెప్పి..."

"ఉండమ్మా" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆవిడతో ఆ మాటన్నాను. "నన్ను చెప్పనీ."

అమ్మ ఆగిపోయింది. ఆగడం అలవాటు లేదు కదా, ఏం చెయ్యాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు పైనుంచి కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను తొందరపడలేదు. మొదటి 'పా' మొరాయించింది. రెండోదీ మొరాయించింది. అమ్మ పెదవులు కొంగు వెనక కదిలాయి గాని, మాట బయటికి రాలేదు.

"పాసయ్యానమ్మా" అన్నాను.