లెక్కలోకి రాని ఆట

మార్చి మొదటి వారంలో మా మెర్రివేల్ మైదానం సగం పచ్చగా, సగం ఎండిపోయి ఉంటుంది. కోల బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే మా ఫుట్‌బాల్ జట్టూ అంతే. సీజన్ ఆటలన్నీ ఇప్పుడు నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద స్టేడియంలోనే. సీజన్‌కి ముందు ఆడే ఒక్క ప్రాక్టీసు ఆటని మాత్రం మా పాత మైదానానికి బిచ్చం వేసినట్టు పడేస్తారు. ఎండ మాడ్చేస్తుంది, ఈగలు ముసురుతాయి. అయినా మేం టోపీలు పెట్టుకుని వచ్చి, చెక్క బెంచీల మీద కూర్చుని, ఈ ఏడు మావాళ్లు ఎంత ఘోరంగా ఆడబోతున్నారో ముందుగానే చూసుకుని పోతాం.

ముగ్గురం ఎప్పుడూ ఒకే వరసలో కూర్చుంటాం. ఒక పక్క మెర్వ్, ట్రామ్ నడిపి రిటైరైనవాడు. నడుమ నేను, పేరు వూలా. స్టేషన్ పక్కన చేపలూ బంగాళాదుంప చిప్సూ వేయించే కొట్టు నాది. ఇంకో పక్క డెస్ కవానా. మెర్వ్, నేనూ జట్టుని చూసి ముసలివాళ్లమయ్యాం. డెస్ ఆ జట్టులో ఆడినవాడు.

"ఈ ఏడు ఫైనల్స్ ఖాయం," అన్నాడు మెర్వ్. అప్పటికి ఆట మొదలై పట్టుమని పది నిమిషాలు కాలేదు, మేం నాలుగు గోల్స్ వెనకబడి ఉన్నాం.

"ఎవరికి? ఎదుటివాళ్లకా?" అన్నాను.

"నీ నోట ఒక్క మంచి మాట రాదు కదా తల్లీ! ఆ కొత్త పొడుగోణ్ణి చూడు. రెండు మీటర్లున్నాడు."

"ఉంటే ఏం లాభమయ్యా? బంతి కింద పడితే వంగడానికి వాడికి అర్జీ పెట్టుకోవాలి."

"ప్రాక్టీసు ఆట గెలిచి కప్పు కొట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"ఓడి కొట్టినవాణ్ణి నువ్వు చూపించు. మనం ఇక్కడా ఓడతాం, అక్కడా ఓడతాం. ఆ విషయంలో మనల్ని వేలెత్తి చూపడానికి లేదు."

మామూలుగా అయితే ఈపాటికి డెస్ కూడా మాలో కలిసి ఇద్దర్నీ నాలుగు తిట్టేవాడు. ఆ రోజు చేతిలోని మాంసం కూరిన పై రొట్టె మీద సాస్ ఎండిపోతున్నా కొరకలేదు. వాడి కళ్లు మావాళ్ల నీలం జెర్సీల మీద లేవు. సాల్ట్‌వాటర్ జట్టు ఆకుపచ్చ జెర్సీల్లో ఒకదాని వెంటే పరుగెత్తుతున్నాయి. ఆ కుర్రాడు ఫ్లిన్, డెస్ కొడుకు.

కవానా కొడుకు మెర్రివేల్‌కి ఆడకపోవడమేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఏటా నవంబరులో క్లబ్బులన్నీ వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకుంటాయి. ఎవరి వంతులో ఎవడు పడితే వాడు అక్కడికే. కాకపోతే తండ్రి ఒక క్లబ్బుకి వంద లీగ్ ఆటలు ఆడి ఉంటే, కొడుకుని ఆ క్లబ్బే ముందు అడిగి తీసుకోవచ్చు. డెస్ ఆడినవి తొంభై తొమ్మిది. నూరో ఆటకి ముందు కోచ్ వాణ్ణి ఒక్క వారం పక్కన పెట్టాడు, మళ్లీ వారం తీసుకుంటానని కూడా చెప్పాడు. డెస్‌కి తిక్క రేగింది. బూట్లు సంచిలో పడేసుకుని, తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. ఫ్లిన్ అప్పటికి పుట్టనే లేదు.

వాడు కొన్ని వేసవి ప్రాక్టీసు ఆటలు కూడా ఆడాడు కదా, అందులో ఒక్కదాన్నయినా కలపండని మా క్లబ్బువాళ్లు లీగ్‌ని అడిగారు. కుదరదన్నారు. సాల్ట్‌వాటర్ వంతు వచ్చింది, ఎగరేసుకుపోయారు. అప్పట్నుంచి డెస్ ముందు ఆ అంకె ఎవరం ఎత్తం. మెర్వ్ అయితే తొంభై ఎనిమిది తరవాత వంద అనడం అలవాటు చేసుకున్నాడు.

మొదటి పావు ఆట ముగిసి, ఆటగాళ్లు నీళ్లకి వెళ్లారు. డెస్ నోరు విప్పాడు.

"సోమవారం ఫోన్ చేశాడు. వచ్చే శనివారం మొదటి లీగ్ ఆటకి వాణ్ణి తీసుకున్నారట."

"శుభవార్త చల్లగా చెప్తావేంటయ్యా!" అని భుజం మీద ఒక్కటిచ్చాను.

"జెర్సీ నన్ను ఇమ్మంటున్నాడు."

అది మా ఆటలో ఆనవాయితీ. కుర్రాడు మొదటిసారి లీగ్‌లో దిగే రోజు, డ్రెస్సింగ్ రూములో జట్టంతా చూస్తుండగా, వాడికి కావలసినవాళ్లు ఎవరో ఒకరు జెర్సీని చేతికిచ్చి నాలుగు మాటలు చెబుతారు. మొనగాళ్లనుకున్నవాళ్లు కూడా అక్కడ వెక్కి వెక్కి ఏడుస్తారు.

"ఏమన్నావు?"

"ఆలోచించుకుని చెప్తానన్నా."

"సోమవారం నుంచి ఇవాళ శనివారం దాకా ఆలోచిస్తున్నావా? నీకు మతి గానీ పోయిందా?"

"ఆకుపచ్చ జెర్సీ వూలా! పుట్టినప్పట్నుంచీ ఆ రంగుని తిట్టుకుంటూ బతికాను."

"నా ఇద్దరు కూతుళ్లకీ ఆ బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో కూడా తెలీదు," అన్నాడు మెర్వ్. "నన్నెవరన్నా అలా పిలిస్తే కోతి వేషం వేసుకునైనా పోదును. నీది మరీ చోద్యంరా."

డెస్ చేతిలోని పై రొట్టెని బెంచీ మీద పెట్టేశాడు. "రంగు కాదులే," అన్నాడు. "నాలుగు మాటలు చెప్పాలి కదా. ఏం చెప్పను? ఆ గదిలో అందరికీ తెలుసు నా సంగతి. మీ నాన్న ఒక్క వారం ఓపిక పట్టి ఉంటే నువ్వు ఈ రోజు మన జెర్సీలో ఉండేవాడివిరా అని చెప్పనా? వాడికి ఇక్కడ ఆడాలని ఎంత ఉండేదో మీకు తెలుసు. నీలం దుప్పటి కప్పుకుని పడుకునేవాడు."

మాకు తెలుసు. చిన్నప్పుడు ఫ్లిన్ బడి అయిపోగానే నా కొట్టుకొచ్చి, కౌంటర్ ముందు స్టూలెక్కి, మా జట్టు పాట ఎలుగెత్తి పాడితే గుప్పెడు చిప్స్ ఎక్కువ వేసేదాన్ని. డెస్, భార్య జిల్ విడిపోయాక కూడా వాడు ఆ పాట మానలేదు. డెస్ మొండివాడని ఊరంతా అంటుంది. వాడిది మొండితనం కాదని, సిగ్గని నాకు ఆ పూటే అర్థమైంది.

"నీ పరువు ఎవడికి కావాలయ్యా?" అన్నాను చివరికి. "వాడు అడిగింది పాత ఆటగాణ్ణి కాదు, నాన్నని. లేచి నిలబడి ఇచ్చేసి రా. మాటలు రాకపోతే మానెయ్."

డెస్ టోపీ కళ్ల మీదకి లాక్కున్నాడు.

మూడో పావులో మా పని పూర్తిగా అయిపోయింది. వెనక వరసలో ఎవడో ఫ్లిన్ వైపు బీరు గ్లాసు ఎత్తి, "ఒరేయ్ కవానా, నువ్వు మావాడివిరా!" అని అరిచాడు. చుట్టూ నవ్వారు. డెస్ తల తిప్పలేదు. అప్పుడే బంతి మా స్టాండు వైపు ఎత్తుగా వచ్చింది. మా పొడుగోడు దాని కింద నిలబడి చేతులు చాచాడు. ఫ్లిన్ ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చాడో, వాడి భుజం మీద మోకాలు ఆనించి పైకి లేచి, గాల్లోనే బంతిని రెండు చేతులా ఒడిసి పట్టుకున్నాడు. కింద పడి, లేచి, గీత అంచు నుంచి ఎడమ కాలితో కొట్టాడు. బంతి వంపు తిరిగి స్తంభాల మధ్యకి పోయింది.

సాల్ట్‌వాటర్ గోలు కొడితే చప్పట్లు కొట్టిన పాపాన నేనెప్పుడూ పోలేదు. అయినా ఒళ్లు ఝల్లుమంది. డెస్ లేచి నిలబడ్డాడు. చేతులు చప్పట్లకి దగ్గరకొచ్చి మళ్లీ జేబుల్లోకి పోయాయి. వాడు కూర్చున్నాక చూస్తే కళ్లనిండా నీళ్లు.

మెర్వ్‌కి ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడదు. "పోన్లే, ఇదేమన్నా లెక్కలోకొచ్చే ఆటా?" అన్నాడు.

"లెక్కలోకి రాదు," అన్నాడు డెస్. "నాకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుంది?"

మెర్వ్ నాలుక కరుచుకున్నాడు. కాసేపటికి డెసే నా వైపు వంగాడు.

"చెప్పేస్తా వూలా. ఆట అయ్యాక వాడితో సరేనంటా."

"ఇప్పటికైనా బుద్ధొచ్చింది," అన్నాను. సంతోషం పట్టలేక వాడి చల్లారిన పై రొట్టె తీసుకుని సగం నేనే తినేశాను. చివరి పావు వాడు ఆట చూడలేదు. పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ఒకసారి ఆగేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకునేవాడు. ఆ నాలుగు మాటలూ కూర్చుకుంటున్నాడని గ్రహించి మెర్వ్‌ని కూడా మాట్లాడొద్దని కళ్లతోనే బెదిరించాను.

ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. సైరన్ మోగగానే జనం కంచె దాటి మైదానంలోకి దిగారు. తండ్రులు, పిల్లలు, తాతలు, ఎవరి బంతి వాళ్లు తన్నుకోవడం మొదలెట్టారు. డెస్ మెట్లు దిగి కంచె దగ్గరికి వెళ్లాడు. వద్దు వద్దనుకుంటూనే మేమూ వెనకే వెళ్లాం. ఫ్లిన్ చెమటలు కక్కుతూ, మోచేతికి గడ్డి అంటుకుని, నవ్వుతూ వచ్చాడు.

"ఆంటీ, మీ కొట్లో పాడే పాట ఇంకా వచ్చు నాకు," అన్నాడు నాతో.

"ఆ జెర్సీ వేసుకుని పాడావంటే మూకుట్లో వేసి వేయిస్తాను," అన్నాను.

డెస్ కంచె కమ్మీని పట్టుకున్నాడు. "ఫ్లిన్, సోమవారం నువ్వు నన్నడిగావు కదా..."

"అది వదిలెయ్ నాన్నా," అన్నాడు ఫ్లిన్ గబగబా. తండ్రికి ఇబ్బంది తప్పించాలని వాడి తొందర. "నిన్ను ఇరకాటంలో పెట్టాను. మా క్లబ్బుని తిట్టుకునే మనిషివి కదా, ఆలోచించకుండా అడిగేశాను. జెర్సీ ఇచ్చేవాళ్ల పేరు నిన్నటిలోగా చెప్పమన్నారు. అమ్మని అడిగాను. ఫోన్‌లోనే ఏడ్చేసింది."

వాడిలో కోపం లేదు. కొంచెం కోపం ఉన్నా బాగుండేదనిపించింది, డెస్ ఏదో ఒకటి అనగలిగేవాడు. జిల్‌ని ఎవరు కాదనగలరు? చలికాలం తెల్లవారకముందే పిల్లాణ్ణి కారెక్కించుకుని ప్రాక్టీసుకి తీసుకెళ్లి, వానలో గొడుగు కింద నిలబడింది ఆవిడ. జెర్సీ ఇవ్వాల్సిన చేతులే ఇస్తున్నాయి.

"మంచి పని చేశావు," అన్నాడు డెస్. "అమ్మే ఇవ్వాలి."

"నువ్వేదో చెప్పబోయావు?"

"ఏం లేదు. ఆ ఎడమ కాలి గోలు బాగుంది. గాలిని బాగా చూసుకున్నావు."

ఫ్లిన్ మొహం వెలిగింది. "వస్తావుగా శనివారం? గదిలోకి రా నాన్నా. బయట ఉండకు."

"వస్తా. వెనక నిలబడతాలే."

వాణ్ణి జట్టువాళ్లు కేకేశారు. కంచె మీద నుంచి తండ్రిని ఒక్క చేత్తో చుట్టుకుని, తల మీద ముద్దు పెట్టి పరుగెత్తాడు. డెస్ చొక్కా భుజం చెమటకి తడిసింది. తుడుచుకోలేదు.

నాకు తిట్టాలనే ఉంది. ఒక్క రోజు ముందు చెప్పి ఉంటే అని నోటి దాకా వచ్చింది. కానీ వాడి మొహం చూసి, పక్కనే కంచెకి ఆనుకుని నిలబడ్డాను. మెర్వ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. మైదానంలో పిల్లల బంతులు లేస్తూ పడుతూ ఉన్నాయి.

"ఇందాకట్నుంచి కూర్చుకున్నావు కదా," అన్నాను చివరికి, మెల్లగా. "పోనీ నాతో చెప్పు. ఏమిటా మాటలు?"

డెస్ కంచె వదిలి నా వైపు తిరిగాడు. చెబుతాడనే అనుకున్నాను.

"అవి వాడివి వూలా," అన్నాడు.